సెర్గేయ్ చెఖోనిన్: పుస్తకాల బొమ్మలు, పింగాణి పళ్ళేలు – తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తకాల అట్టల మీద, పిల్లల పద్యాల పక్కన, పింగాణి పళ్ళేల అంచుల మీద ఒకే గీతను నడిపించిన రష్యన్ కళాకారుడు సెర్గేయ్ వసీల్యెవిచ్ చెఖోనిన్. ఆయన పళ్ళేలను చూసినవాళ్ళు చాలామంది సుత్తీ కొడవలీ కనిపించగానే ఇక చూడవలసిందేమీ లేదన్నట్టు పేజీ తిప్పేస్తారు. ఆ సుత్తి చుట్టూ ఉన్న పూలను, అక్షరాలను, బంగారు గీతలను కూడా నిదానంగా చూడాలన్నది నా పట్టుదల. కళా విద్యార్థులు, పాత సోవియట్ పుస్తకాల అభిమానులు, పింగాణి సేకరించేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

చెఖోనిన్ ఎవరు? ఎక్కడివాడు?

1878లో రష్యాలోని వల్దాయ్ ప్రాంతంలో, లికోషినో అనే చిన్న రైల్వే స్టేషను దగ్గర పుట్టాడు. తండ్రి రైలింజను డ్రైవరు. పద్దెనిమిదేళ్ళ వయసులో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి, కళా ప్రోత్సాహక సంఘం నడిపే డ్రాయింగు స్కూల్లో చేరాడు. ఆ తర్వాత రాకుమారి తెనీషెవా పెట్టిన కళాశాలలో 1900 దాకా ఇల్యా రేపిన్ దగ్గర చదువుకున్నాడు. రేపిన్ అంటే భారీ తైలవర్ణ చిత్రాలకు పేరుపడ్డ గురువు. శిష్యుడి మనసు మాత్రం మొదటి నుంచీ చిన్న వస్తువుల మీదే. పుస్తకం అట్ట, టైలు, ఎనామెల్ బిళ్ళ, పళ్ళెం, ముద్ర, ఇలా చేతిలో పట్టుకుని దగ్గరగా చూసుకునే వాటిలోనే ఆయన పనితనమంతా ఉంది.

పింగాణిలోకి ఎలా వచ్చాడు? విప్లవం తర్వాతేనా?

అంతకు చాలా ముందు నుంచే ఆయనకు మట్టితోనూ బట్టీతోనూ పరిచయం ఉంది. సంపన్నుడు సవ్వా మామొంతొవ్ మాస్కోలో నడిపిన అబ్రామ్‌త్సెవో కుండల కార్ఖానాలో పనిచేశాడు. మాస్కోలోని మెట్రోపోల్ హోటలు గోడల మీది మయోలికా అలంకరణలో ఆయన చేయి కూడా ఉంది. మయోలికా అంటే రంగుల గ్లేజు, అంటే కాల్చితే గాజులా మెరిసే పూత, పూసి కాల్చిన మట్టి పలకల పని. తర్వాత పీటర్స్‌బర్గ్ దగ్గర కికెరినో గ్రామంలో ప్యోత్ర్ వావులిన్ నడిపిన కార్ఖానాకూ నమూనాలు గీశాడు.

ఆయన జీవితచరిత్రలో చాలామంది దాటవేసే ఇంకో ఘట్టం ఉంది. మొదటి ప్రపంచయుద్ధానికి కాస్త ముందు ప్రభుత్వ చేతివృత్తుల నిపుణుడిగా తొర్‌జోక్ పట్టణానికీ, రొస్తోవ్ వెలీకీకీ వెళ్ళాడు. తొర్‌జోక్ బంగారు దారం కుట్టుపనికి పేరున్న ఊరు. రొస్తోవ్‌లో రాగి బిళ్ళల మీద ఎనామెల్ పూసి అంగుళాల లెక్కన బొమ్మలు వేస్తారు, దాన్ని ఫినీఫ్ట్ అంటారు. ఆ కళకు అక్కడ నడిచిన బడిలో ఆయన పనిచేశాడు. పొడి రంగు నూరడం, సన్నటి కుంచెతో వేయడం, కాల్చడం, రంగు మారితే మళ్ళీ మొదలు పెట్టడం అక్కడి పని పద్ధతి. 1918లో పెత్రోగ్రాద్ (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు) పింగాణి కర్మాగారంలో అడుగుపెట్టేనాటికి ఈ అనుభవమంతా ఆయన వెంట ఉంది. ఆయన్ను విప్లవం తయారు చేసిన కళాకారుడు అనేవాళ్ళు ఈ పదిహేనేళ్ళ కష్టాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

పుస్తకాలకు ఎలాంటి బొమ్మలు వేశాడు?

ఆయన బొమ్మలు మొదట జనంలోకి వెళ్ళింది 1905 విప్లవ కాలపు వ్యంగ్య పత్రికల్లో. జారు ప్రభుత్వం మీద పదునైన కార్టూన్లు వేశాడు. తర్వాత ‘మీర్ ఇస్కూస్త్వా’ (కళా ప్రపంచం) అనే కళాకారుల బృందంలో చేరాడు. అలెగ్జాండర్ బెన్వా లాంటివాళ్ళున్న ఈ బృందానికి పుస్తకమంటే అట్ట, మొదటి పేజీ, అక్షరం, ఖాళీ జాగా అన్నీ ఒకే మనసుతో తీర్చవలసిన వస్తువు. చెఖోనిన్ ఆ పట్టింపును జీవితాంతం వదల్లేదు. నలుపు తెలుపుల్లో గీసిన దండలు, కలశాలు, రిబ్బన్ల మధ్య పుస్తకం పేరును పొదిగేవాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రష్యన్ రాజభవనాల్లో రాజ్యమేలిన ఎంపైర్ శైలి నుంచి ఆ దండలూ కలశాలూ తెచ్చుకున్నాడు. తర్వాత వాటినే విప్లవ సాహిత్యం అట్టల మీదికి ఎక్కించాడు కాబట్టి విమర్శకులు ఆ తీరుకు ‘సోవియట్ ఎంపైర్’ అని పేరు పెట్టారు. 1918లో సోవియట్ విద్యాశాఖ అధిపతి అనతోలీ లునచార్‌స్కీ నాటకం ‘ఫౌస్ట్, నగరం’ పుస్తకాన్ని అలంకరించింది ఆయనే. అదే ఏడాది బెన్వా, పిల్లల కవి కొర్నేయ్ చుకోవ్‌స్కీ కలిసి కూర్చిన ‘యోల్కా’ అనే పిల్లల సంకలనంలోనూ ఆయన బొమ్మలున్నాయి.

పిల్లల పుస్తకాల్లో ఆయన పేరు నిలబెట్టినది చుకోవ్‌స్కీ పద్యకథ ‘తరకానిషె’ (పెద్ద బొద్దింక), 1923. ఎలుగుబంట్లు సైకిలెక్కి ఊరేగుతూ వస్తాయి. వెనక పిల్లి, ఆ వెనక బెలూను మీద దోమలు. ఉన్నట్టుండి మీసాల బొద్దింక ఒకటి ఎదురొచ్చి అందరినీ మింగేస్తానని బెదిరిస్తుంది. సింహాలూ ఏనుగులూ దానికి దండం పెట్టి బతుకుతాయి. చివరికి ఒక పిచ్చుక వచ్చి ఆ బొద్దింకను గుటుక్కున మింగేస్తుంది. ఇలాంటి కథకు అల్లరి గీత చాలు అనుకుంటాం. చెఖోనిన్ మాత్రం తన అలవాటు ప్రకారం ప్రతి రేఖనూ కొలిచి గీశాడు. ఆ శ్రద్ధే బొద్దింకకు నిజమైన అధికారిలాంటి దర్పం తెచ్చిపెట్టింది, పిల్లలకు నవ్వు తెప్పించేదీ ఆ దర్పమే.

మనం చిన్నప్పుడు చదివిన తెలుగు ‘రాదుగ’ పుస్తకాలకూ దీనికీ సంబంధం ఉందా?

నేరుగా లేదు. ‘తరకానిషె’ను వేసిన రాదుగ 1920లలో లెవ్ క్ల్యాచ్కో పెత్రోగ్రాద్‌లో నడిపిన ప్రైవేటు సంస్థ. విశాలాంధ్ర దుకాణాల్లో, ఊరూరా పెట్టిన పుస్తక ప్రదర్శనల్లో మనం కొనుక్కున్న తెలుగు పుస్తకాలు మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయానివి. 1980లలో దాని నుంచి విడిపోయిన మరో రాదుగ వేసినవీ వాటిలో ఉన్నాయి. పేరు ఒకటే, సంస్థలు వేరు. అయినా చెఖోనిన్ తరం పెట్టిన ఒరవడి ఆ పుస్తకాల్లో కనిపిస్తుందనే నా అభిప్రాయం. చవక పుస్తకమైనా సరే, అట్ట నుంచి చివరి పేజీ దాకా ఒకే కళాకారుడి చేతిలో ఉండాలనే నియమం వాళ్ళది. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు అనువాదాలతో పెరిగినవాళ్ళకు ఆ బొమ్మల పేజీలు ఇప్పటికీ గుర్తున్నాయంటే అందులో ఈ నియమానికీ వాటా ఉంది.

ఆ పింగాణి కర్మాగారం కథ ఏమిటి?

1744లో మహారాణి ఎలిజబెత్ హయాంలో పీటర్స్‌బర్గ్ శివార్లలో మొదలైంది. ద్మిత్రీ వినోగ్రాదొవ్ అక్కడే రష్యన్ పింగాణి సూత్రాన్ని కనిపెట్టాడు. రెండు శతాబ్దాలకు దగ్గరగా రాజకుటుంబానికే పళ్ళేలు, కలశాలు, బొమ్మలు చేసింది. 1918లో ప్రభుత్వపరమై, లునచార్‌స్కీ విద్యాశాఖ కిందికి వచ్చింది. చెఖోనిన్ 1918 నుంచి 1923 దాకా అక్కడ కళా విభాగానికి అధిపతి. తర్వాత కొంతకాలం నొవ్‌గొరోద్ దగ్గరి వోల్ఖొవ్ కర్మాగారంలో పనిచేసి, 1925లో మళ్ళీ పాత చోటికి వచ్చాడు. ఆ ఏడాదే కర్మాగారానికి లొమొనోసొవ్ పేరు పెట్టారు. ఇప్పుడు మళ్ళీ ఇంపీరియల్ పింగాణి కర్మాగారం అంటున్నారు.

విప్లవ నినాదాలున్న పళ్ళేల వెనక రాజముద్ర ఎందుకు ఉంటుంది?

అన్ని ప్రశ్నల్లోకీ నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

అంతర్యుద్ధం రోజుల్లో పెత్రోగ్రాద్‌లో రొట్టె లేదు, కట్టెలు లేవు, కొత్త పింగాణి చేయడానికి ముడిసరుకు సరిగ్గా అందదు. కర్మాగారం గిడ్డంగిలో మాత్రం మూడో అలెగ్జాండర్, రెండో నికొలస్ కాలాల్లో చేసి, బొమ్మ వేయకుండా వదిలేసిన తెల్లటి పళ్ళేలు, కప్పులు గుట్టలుగా ఉన్నాయి. వాటి అడుగున అప్పటికే జారు పేరులోని అక్షరం, కిరీటం, సంవత్సరం ఉన్నాయి. ఆ ముద్ర గ్లేజు కింద ఉంది, గీకితే పోయేది కాదు. అందుకని దాని మీద చిన్న రంగు మచ్చ వేసి కాల్చారు. పక్కన అలెక్సేయ్ కరేవ్ గీసిన కొత్త ముద్ర పెట్టారు. సుత్తి, కొడవలి, యంత్రాల్లోని పళ్ళచక్రం ముక్క కలిసిన ముద్ర అది.

తర్వాత విదేశాలకు అమ్మకాలు మొదలయ్యాక రాజముద్రా సోవియట్ ముద్రా రెండూ కనిపించే పళ్ళేలకు పడమటి దేశాల సేకర్తలు ఎక్కువ మోజు చూపారు. బ్రిటిష్ మ్యూజియంలో మిఖాయిల్ అదమోవిచ్ గీసిన పళ్ళెం ఒకటి ఉంది. ముందువైపు ఎర్రటి కార్మికుడు ‘కపిటాల్’ (పెట్టుబడి) అనే అక్షరాలను తొక్కుకుంటూ నడుస్తుంటాడు, వెనక ఫ్యాక్టరీ వెలిగిపోతుంటుంది. తిప్పి చూస్తే 1901 నాటి నికొలస్ ముద్ర, 1921 నాటి సుత్తీ కొడవలీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తేడాతో రెండు రాజ్యాలు ఒకే పళ్ళెం అడుగున సంతకం చేశాయి. అందుకే పళ్ళెం ఫోటో పెట్టేవాళ్ళందరికీ నా మనవి ఒకటే, దయచేసి వెనకవైపు ఫోటో కూడా పెట్టండి.

పింగాణి మీద బొమ్మ ఎలా వేస్తారు? కాగితం మీద గీసేవాడికి అది ఎందుకు కష్టం?

పింగాణి ముద్ద తెల్లటి చీనామట్టి, ఫెల్డ్‌స్పార్, పలుగురాతి పొడి కలిపి చేస్తారు. ఒకసారి కాల్చి, గ్లేజులో ముంచి, దాదాపు 1,400 డిగ్రీల సెల్సియస్ దగ్గర మళ్ళీ కాలుస్తారు. అప్పుడు అది గాజులా మెరుస్తుంది, పలచటి చోట వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వేళ్ళ నీడ కనిపిస్తుంది. బొమ్మ రెండు రకాలుగా వేయవచ్చు. గ్లేజు కింద వేస్తే ఆ పెద్ద మంటకు తట్టుకునే రంగులే వాడాలి. వాటిలో కోబాల్టు నీలం ముఖ్యమైనది. గ్లేజు మీద వేస్తే 700, 800 డిగ్రీల దగ్గర కాల్చితే సరిపోతుంది, ఎరుపులూ ఊదాలూ పసుపులూ అన్నీ అందుబాటులోకి వస్తాయి. పెత్రోగ్రాద్‌లో గిడ్డంగి పళ్ళేలకు అప్పటికే గ్లేజు ఉంది కాబట్టి రెండో పద్ధతే దారి.

కష్టం ఎక్కడంటే, వేసేటప్పుడు కనిపించే రంగు వేరు, బట్టీ నుంచి బయటికి వచ్చే రంగు వేరు. లోహ ఆక్సైడ్ల పొడిని నూనెతో, టర్పెంటైన్‌తో నూరి వేస్తారు. అసలు రంగు మంటలోనే తేలుతుంది. గ్లేజు నున్నగా ఉంటుంది, కుంచె జారిపోతుంది. కాల్చకముందు తుడిచి మళ్ళీ వేయవచ్చు గానీ కాల్చిన తర్వాత దిద్దుబాటుకు వీలుండదు. బంగారం సంగతి ఇంకా వేరు. బట్టీ నుంచి వచ్చినప్పుడు అది మసకగా, పసుపు మట్టిలా ఉంటుంది. అగేట్ రాయి మొనతో రుద్దిన చోటే మెరుస్తుంది. ఆ మొననే పెన్సిల్లా పట్టుకుని మసక బంగారం మీద మెరిసే గీతలతో బొమ్మ గీస్తే దాన్ని రష్యన్ పనివాళ్ళు త్సిరొవ్కా అంటారు. చెఖోనిన్‌కు ప్రాణమైన పద్ధతి ఇది. ఫోటోలో ఇది ఒట్టి పసుపు మరకలా పడుతుంది. పళ్ళెం చేతిలోకి తీసుకుని కిటికీ వైపు వంచితే తప్ప ఆ గీతలు కంటికి రావు.

ఆయన పళ్ళేల్లో ముఖ్యమైనవి ఏవి? వాటిలో ఏం చూడాలి?

అక్షరాలు చూడండి. నా దృష్టిలో చెఖోనిన్‌ను చదవడానికి దారి అదే.

రష్యా సోవియట్ గణతంత్రం పేరులోని పొడి అక్షరాలు నాలుగైదింటితో ఆయన పళ్ళేలు చేశాడు. ఆ అక్షరాలను విడదీసి, విరిచి, పూల మధ్య నాటాడు. ఒక కాలు రిబ్బనులా వంగుతుంది, ఒకటి గులాబీ వెనక దాక్కుంటుంది. ముందు పూలగుత్తి కనిపిస్తుంది, కాసేపటికి రాజ్యం పేరు బయటపడుతుంది. 1919 నాటి సుత్తి పళ్ళెంలో ఆకారాలు క్యూబిస్టు (వస్తువులను కోణాల ముక్కలుగా విడగొట్టి చూపే శైలి) పలకల్లా పగులుతాయి. అదే ఏడాది నాటి ‘ఎర్ర రిబ్బను’ పళ్ళెంలో మళ్ళీ పాత రాజదర్బారు సొగసు కనిపిస్తుంది. ఆయన రెండింటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకోలేదు, రెండూ పక్కపక్కనే నడిపాడు.

1920 నాటి పళ్ళెం ఒకదాని మీద ‘కార్మికుల, రైతుల రాజ్యానికి అంతముండదు’ అని రాసి ఉంటుంది. ఆ వాక్యపు ఒరవడి క్రైస్తవ విశ్వాస ప్రమాణంలో ఏసుక్రీస్తు రాజ్యం గురించి చెప్పే మాటది. ప్రతి ఆదివారం చర్చిలో విన్న రష్యన్లకు అది వెంటనే తగిలి ఉంటుంది. గుడిలోని లయను తీసుకొచ్చి భోజనం పళ్ళెం అంచున తిప్పాడు, అది కూడా రాజుగారి పళ్ళెం మీద!

అంచు చుట్టూ నినాదం రాయడం ఎంత కష్టమో తెలియాలంటే మన లిపితో ఒకసారి ప్రయత్నించండి. పళ్ళెం అంచంత వెడల్పున్న వలయం గీసి, అందులో ఏదైనా తెలుగు వాక్యం పూర్తిగా పట్టేలా రాయండి. ఒత్తులు లోపలి గీత కిందికి దిగిపోతాయి, గుడులు బయటి గీతను దాటతాయి, చివరి మాటకు చోటు చాలదు. చెఖోనిన్ పళ్ళేల్లో మొదటి అక్షరం, చివరి అక్షరం ఎక్కడ కలిశాయో వెతుక్కోవలసి వస్తుంది.

ఇదంతా ప్రభుత్వ ప్రచారమే కదా? కళగా ఎందుకు చూడాలి?

ప్రచారమే, అందులో దాపరికం లేదు. ప్రభుత్వ కర్మాగారంలో, ప్రభుత్వ నినాదాలతో చేసిన వస్తువులు ఇవి. సామాన్యుడి ఇంటికి చేరిందీ తక్కువే. ధర కార్మికుడికి అందదు, పైగా ఆకలితో ఉన్న ఊళ్ళో అలంకార పళ్ళెం ఎవరు కొంటారు? ఎక్కువ భాగం ప్రదర్శనలకూ సేకర్తలకూ విదేశీ మార్కెట్లకూ వెళ్ళాయి. 1921 నాటి వోల్గా కరువు బాధితులకు సాయం కోరే పళ్ళేలూ అక్కడ తయారయ్యాయి. 1925 పారిస్ అంతర్జాతీయ అలంకార కళల ప్రదర్శనలో కర్మాగారానికి బంగారు పతకం వచ్చింది.

అయితే నినాదాన్ని గోడ మీద సున్నంతో రాసినా నినాదమే. దానికోసం రోజుల తరబడి పూలు అల్లి, బంగారం రుద్ది, రెండు మూడు సార్లు బట్టీ పెట్టవలసిన పని లేదు. ఆ అదనపు శ్రమ ఏ ఆజ్ఞ వల్లా రాలేదు, అది పనివాడి పౌరుషం. ఆ పౌరుషాన్ని రాజకీయంతో పాటు కొట్టిపారేయడం అన్యాయమని గట్టిగా అంటాను.

ఆయనతో పనిచేసిన మిగతా కళాకారులు ఎవరు?

చెఖోనిన్ చేసిన గొప్ప పనుల్లో ఒకటి మనుషులను పోగేయడం. అదమోవిచ్ గురించి పైన చెప్పాను. పూల చిత్రణలో జినయిదా కొబిలేత్స్కయా పండితురాలు. శిల్పి నతాల్యా దాంకో విప్లవం వైపున్న ఎర్రసైన్యం, దానికి ఎదురు నిలిచిన తెల్లసైన్యం తలపడే చదరంగం బొమ్మలు చేసింది. అందులో ఎర్రవాళ్ళు కమ్మరులు, రైతులు, వాళ్ళకు ఎదురుగా ఉన్న రాజు అస్థిపంజరం.

అలెగ్జాండ్రా షెకాతిఖినా పొతోత్స్కయా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెఖోనిన్ గీత కొలిచి గీసినది, ఆమెది ఉరకలెత్తేది. రష్యన్ పల్లె బొమ్మల్లోని ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగులు పళ్ళెమంతా నింపేస్తాయి. 1923లో కైరో వెళ్ళి, జానపద కథల చిత్రకారుడు ఇవాన్ బిలీబిన్‌ను పెళ్ళాడింది. ఇద్దరూ పారిస్‌లో ఉండి 1936లో సోవియట్ దేశానికి తిరిగి వచ్చారు. తనకు పూర్తిగా భిన్నమైన చేతికి పక్కనే బల్ల వేసి కూర్చోబెట్టడం చెఖోనిన్ పెద్దమనసు. 1920లలో నైరూప్య చిత్రకారుడు మలేవిచ్ శిష్యులు సుయేతిన్, చాష్నిక్ వచ్చి అదే తెల్లటి పళ్ళేల మీద చతురస్రాలూ దీర్ఘచతురస్రాలూ వేశారు. అది వేరే కథ.

రష్యా వదిలి ఎందుకు వెళ్ళాడు? తర్వాత ఏమైంది?

1928లో రష్యన్ కళా ప్రదర్శన పని మీద పారిస్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. రంగస్థలానికి దృశ్యాలు, దుస్తులు గీశాడు. నికితా బాలియెవ్ నడిపిన గబ్బిలం పేరుగల రష్యన్ వినోద నాటకశాలకు కూడా పనిచేశాడు. చివరి ఏళ్ళలో గుడ్డ మీద అనేక రంగులు అచ్చువేసే కొత్త పద్ధతి కోసం కృషి చేశాడు. 1936 ఫిబ్రవరిలో జర్మనీలోని ల్యోరాఖ్ పట్టణంలో చనిపోయాడు. 1924లో కళా విమర్శకులు అబ్రామ్ ఎఫ్రోస్, నికొలాయ్ పూనిన్ ఆయన మీద ఒక పుస్తకమే రాశారు. దేశం వదిలాక మాత్రం స్వదేశంలో ఆయన పేరు చాలాకాలం తక్కువగానే వినిపించింది.

అసలు పళ్ళెమని ఎలా తెలుస్తుంది?

ఫోటో చూసి కొనకండి. వెనకవైపు ముద్రలు, సంవత్సరం, ‘చెఖోనిన్ నమూనా ప్రకారం’ అనే రాత, రంగు వేసిన పనివాడి గుర్తు ఉండవచ్చు. ఆయన స్వహస్తంతో వేసినవి తక్కువ, ఆయన నమూనాను కర్మాగారం చిత్రకారులు దించినవి ఎక్కువ. రెండూ అసలువే, విలువలో మాత్రం తేడా ఉంటుంది. ప్రమాదం ఇంకొకటి ఉంది. నిజమైన జారు కాలపు తెల్ల పళ్ళెం కొని, దాని మీద ఇటీవల నినాదం వేసి కాల్చితే వెనక ముద్ర అసలుదే, ముందు బొమ్మ నకిలీ. అక్షరాల అల్లిక బిగుసుకుపోయి ఉన్నా, గీత తడబడినా అనుమానించాలి. నిర్ణయం మాత్రం నిపుణులకే వదలాలి.

ఎక్కడ చూడవచ్చు?

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పింగాణి కర్మాగారపు సొంత మ్యూజియం ఉంది, ఇప్పుడు దాన్ని హెర్మిటేజ్ చూసుకుంటుంది. రష్యన్ మ్యూజియం, మాస్కో కుస్కోవోలోని పింగాణి మ్యూజియం కూడా చూడదగ్గవి. లండన్ వెళ్ళేవాళ్ళు బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చూడవచ్చు. హైదరాబాదు దాటకుండానే కన్ను అలవాటు చేసుకోవాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం యూరప్ పింగాణి గదులకు వెళ్ళండి. డ్రెస్డెన్, సెవ్ర్ పళ్ళేల మీద గ్లేజు పైన వేసిన పూలు, రుద్దిన బంగారం ఎలా ఉంటాయో అక్కడ దగ్గరగా చూడవచ్చు. చెఖోనిన్ నేర్చుకున్న భాష అదే.

ఆయన బొమ్మలు మా పత్రికలో వాడుకోవచ్చా?

మన చట్టం ప్రకారం కళాకారుడు చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. చెఖోనిన్ 1936లో పోయాడు కాబట్టి ఆయన బొమ్మలకు ఆ గడువు ఎప్పుడో ముగిసింది. చుకోవ్‌స్కీ 1969లో పోయాడు, ఆయన పద్యాలకు 2029 చివరి దాకా హక్కులున్నాయి. కాబట్టి ‘తరకానిషె’ బొమ్మ వేసుకోవచ్చు గానీ పద్యాన్ని అనువదించి ప్రచురించాలంటే అనుమతి కావాలి. మ్యూజియం తీసిన ఫోటో వాడుకుంటే ఆ మ్యూజియం షరతులు విడిగా చదువుకోండి. కళాకారుడి పేరు, నమూనా సంవత్సరంతో పాటు, తెలిస్తే రంగు వేసిన చిత్రకారుడి పేరు కూడా బొమ్మ కింద తప్పకుండా వేయండి.